కొండలేని యూరిలో కొండల బొమ్మ

మొన్నటి సంక్రాంతికి అమలాపురమునకు చేరువనున్న బంధువుల యింటికి వెళ్లియుంటిని. ఆ యింటి మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, తన బొమ్మల పుస్తకము తెచ్చి నా ముందుంచినది. మొదటి పుటలోనే రెండు ముక్కోణపు కొండలు. ఆ రెంటి నడుమ సగము పైకి వచ్చిన సూర్యుడు. కొండల సందునుండి పామువలె వంకరలు తిరుగుచు దిగివచ్చు నేరు. ఏటియొడ్డున నొక పెంకుటిల్లు, దాని ప్రక్క నొక కొబ్బరిచెట్టు. ఆకాశమున నాలుగు కాకులు. మేష్టరుగారు దానిక్రింద పదికి తొమ్మిది మార్కులు వేసి యెఱ్ఱసిరాతో చేవ్రాలు చేసియుండిరి. "అమ్మాయీ, మీ యూళ్లో కొండలెక్కడున్నాయే?" అని యడిగితిని. "కొండలు లేవండి తాతగారూ. బొమ్మలో ఉండాలి కదండీ!" అని యా పిల్ల నా యజ్ఞానమునకు జాలిపడినది.

కోనసీమ బల్లపరుపు నేల. ఆ పిల్ల కొండను కంటితో చూచి యెఱుగదు. ఎఱిగినదేమి? పెరటిగోడ దాటిన కాలువ. కాలువమీద లాకులు. లాకుల దగ్గఱ నీటిని కప్పివేసి ఊదారంగు పూలు పూచిన గుర్రపుడెక్క. గట్టున కుప్పలుపోసిన కొబ్బరికాయలు, ఎండకు ఆరబోసిన పీచు. ఇవేవియు నా పుస్తకమున లేవు. ఆ రెండు కొండల బొమ్మ యొక్క కోనసీమకే పరిమితము కాదు. శ్రీకాకుళము మొదలు చిత్తూరు వఱకు ఏ బడికి పోయినను అదే బొమ్మ, అదే సూర్యుడు, అవే కాకులు.

ఇది పిల్ల తప్పు కాదు. ఆ తొమ్మిది మార్కులు వేసినవారి తప్పును కొంతయే. మూలము మనలో నింకను లోతుగా నున్నది. కావ్యమునకు అష్టాదశ వర్ణనలు కావలయునని లాక్షణికులు శాసించిరి: నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, సూర్యోదయము, చంద్రోదయము మొదలయినవి. నాటినుండి కొండను చూడని కవికిని కొండను వర్ణించుట విధియైనది. మనుచరిత్రమునందలి హిమాలయవర్ణనము సొగసును నేను కాదనను. ఆ సొగసు చాలవఱకు శబ్దముది, చూపుది కాదు. పెద్దన వంటి మహాకవి చేతిలో నది చెల్లినది. ఆయన వెనుక వచ్చిన నూర్గురు చేతులలో కొండ యొక నిఘంటువైనది. బొమ్మలో కొండలుండవలెనన్న మా పిల్ల ఆ లాక్షణికుల మనుమరాలే.

చిత్రకళ మాట చూతము. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము పర్వతములను, వనములను, రాత్రిని, ఋతువులను ఎట్లు వ్రాయవలయునో చెప్పినది. కాని నదుల ప్రసక్తి వచ్చునప్పటికి వానిని మానుషరూపమున, వాహనములతో, పూర్ణకుంభములు చేత బట్టించి వ్రాయుమన్నది. గుడిద్వారముల గంగాయమునలు ఆ తీరుననే నిలిచియున్నారు. అవి యందమైన శిల్పములే. అయినను నది స్త్రీయైనది, నీరు కనుమఱుగైనది. పండ్రెండేండ్ల కొకసారి పుష్కరమునకు లక్షలకొలది జనులు రాజమహేంద్రవరము చేరుదురు. 2015లోను చేరిరి. మూడు మునుకలు మునిగి, పిండములు పెట్టి, సీసాలలో నీరు నింపుకొని తిరిగి రైలెక్కిరి. ఏటి వెడల్పెంత, లంకలెక్కడ, నీరు ఏ నెలలో నెఱ్ఱన, ఏ నెలలో తేట అని యడిగిన చెప్పగలవారు వారిలో నెందఱు? తల్లీ యని పిలిచి యా తల్లి ముఖము చూడని బిడ్డల భక్తి యేపాటిది? చూచుట నేర్చినవారమే యైనచో పట్టణపు మురుగు నామెలోనికి వదలుటకు మనకు చేయియాడునా?

ఈ జాడ్యము మనకే వచ్చినది కాదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున అమెరికాదేశపు ధనికులు తమ ముఖములను వ్రాయించుకొనుచుండిరి; గోడకు దృశ్యము కావలసినచో ఐరోపానుండి తెప్పించుకొనుచుండిరి. తమ దేశమున చూడదగిన దేమున్నదని వారి సందేహము. 1801లో ఇంగ్లండున లాంకషైరులో పుట్టి, 1818లో కుటుంబముతో అమెరికా చేరిన తామస్ కోల్ అను యువకుడు 1825లో హడ్సను నదివెంట నెగువకు పోయి, కాట్‌స్కిల్ కొండలలో తిరిగి, న్యూయార్కునకు వచ్చి కొన్ని చిత్రములు వ్రాసెను. వానిలో మూడింటిని జాన్ ట్రంబల్, విలియం డన్‌లప్, ఆషర్ డ్యురాండ్ అను మువ్వురు కొనిరి. మువ్వురును కళాకారులే. ఒక చిత్రకారుడు మఱియొక చిత్రకారుని బొమ్మను తన డబ్బిచ్చి కొనుట మన దేశమున నెన్నిసార్లు జరిగినదో చదువరులే యోచింపవలయును. డ్యురాండు అప్పటికి లోహఫలకములపై చెక్కు పనివాడు. తరువాత తానును ప్రకృతిచిత్రకారుడై, 1855లో క్రొత్తగా నేర్చుకొనువారి నుద్దేశించి లేఖలు ప్రకటించి, ఇతరుల చిత్రములకు నకళ్లు తీయుటకు ముందు ఆరుబయట కూర్చుండి చెట్టును ఱాతిని చూచి వ్రాయుడని బోధించెను. 1859లో ఫ్రెడరిక్ చర్చి వ్రాసిన 'ఆండీస్ హృదయము'ను చూచుటకు న్యూయార్కున పావుడాలరు రుసుమిచ్చి మూడువారములలో 12,000 మంది వరుసలు కట్టిరి. దానిలో పురాణకథ లేదు, రాజు లేడు, యుద్ధము లేదు.

కోల్ 1836లో వ్రాసిన చిత్రమొకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ చిత్రశాలలో నున్నది. కనెక్టికట్ నది గుండ్రముగా వంపు తిరుగుచోటు అది. ఎడమవైపు గాలివానలో తడిసిన యడవి. కుడివైపు ఎండలో దున్నిన పొలములు. క్రిందిభాగమున బండల నడుమ, వెదకిననే కాని కనబడనంత చిన్నవాడై, చిత్రకారుడు తానే కూర్చుండి బొమ్మ వ్రాయుచున్నాడు. గొడ్డలిదెబ్బకు అడవులు కూలుచున్నవని ఆ యేడే యొక వ్యాసమున నాతడు వాపోయెను. ఆ చిత్రపు ప్రతిని చూచినప్పుడెల్ల నాకు ధవళేశ్వరము జ్ఞాపకము వచ్చును. కోల్ 1848లో మరణించునాటికి ఇచ్చట కాటన్ దొర ఆనకట్ట పని సాగుచుండెను. 1847లో మొదలై 1852లో ముగిసిన యా కట్టడము గోదావరి మండలపు ముఖమునే మార్చివేసినది. కాలువలు, లాకులు, రెండు కారుల వరి, గట్లవెంట సాగిపోవు కొబ్బరితోటలు: మనము అనాదిసిద్ధమని తలచు నీ దృశ్యము చాలవఱకు నూటడెబ్బదియేండ్లనాటిది. దానికి పూర్వపు సీమ ఎట్లుండెనో చూపు బొమ్మ, తెలుగువాడు వ్రాసినది, మన యే యింటి గోడమీద నున్నది? ఎకరముల లెక్కలున్నవి, శిస్తు లెక్కలున్నవి.

ఒక తరమునకు మాత్రము మన యదృష్టము పండినది. రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు 1909లో ప్రధానాచార్యుడై వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా చిత్రకారుడు. పదేండ్లు ఇచ్చట నుండి, దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు మున్నగు కుఱ్ఱవారిని చేరదీసి, నదివైపునకును పల్లెలవైపునకును వారి కన్నులు తిప్పెను. (పరాయిదొర వచ్చి మన యేటిని మనకు చూపవలసివచ్చెనని సిగ్గుపడువారు సిగ్గుపడవచ్చును, కోల్ కూడ పుట్టుకచే పరాయివాడేయని జ్ఞాపకముంచుకొందురు గాక.) 1897లో పుట్టిన రామారావు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరి, చదువు ముగించుకొని తిరిగి గోదావరి యొడ్డునకే వచ్చెను. బొంబాయిలో నిలిచినచో నాతనికి గిరాకికి కొదవయుండెడిది కాదు. స్వస్థలమున చిత్రకళాశాల నెలకొల్పి, 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికముచే మరణించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ పాఠశాలను, ఆ చిత్రములను కన్నబిడ్డలవలె కాపాడెను.

ఆ చిత్రములిప్పుడు రామారావు పేరిటి చిత్రశాలలో నున్నవి. ఒక మధ్యాహ్నము పోయి చూచితిని. నాతోగూడ మువ్వురము. వచ్చిన యిద్దఱును 'ఋష్యశృంగ బంధనము' కడను, 'సిద్ధార్థ రాగోదయము' కడను కొంతసేపు నిలిచి, ప్రకృతిదృశ్యములను నడకలోనే దాటిపోయిరి. వారినని యేమి లాభము? మన పత్రికలు రామారావును తలచినప్పుడెల్ల కథాచిత్రములనే అచ్చువేసినవి. నీటిరంగులతో పలుచగా, పదిసారులు దిద్దక, వెలుగు మారకముందే ముగించిన యా చిన్న కాగితములలోనే ఆంధ్రదేశము తొలిసారి తన ముఖము తాను చూచుకొన్నదని నా నమ్మకము.

నా మాటకు ఎదురు చెప్పువారు కలరు. ప్రకృతిచిత్రణము పాశ్చాత్యుల విద్య, మన కళకు భావమే ప్రాణమని యొక పక్షము. చీనావారు వేయేండ్ల క్రిందటనే కొండలను నీళ్లను పట్టుగుడ్డపై వ్రాసిరి, వారు పాశ్చాత్యులా? మన షడంగములలో భావముతోపాటు సాదృశ్యము నున్నది. ఆఱింటిలో మీకు నచ్చిన యొకదానిని పట్టుకొని తక్కినవానిని విడుచుట శాస్త్రగౌరవమా, సోమరితనమా?

రెండవ పక్షము: అందఱి చేతులలోను ఫోను లున్నవి, రోజునకు లక్ష ఫోటోలు తీయుచునే యున్నాము, ఇంక బొమ్మ యెందులకు? ఈ వాదమున కొంత బలమున్నది. 1871లో యెల్లోస్టోన్ ప్రాంతమునకు పోయిన ప్రభుత్వబృందములో తామస్ మోరాన్ అను చిత్రకారుడును, జాక్సన్ అను ఛాయాగ్రాహకుడును కలిసియే పోయిరి. ఇద్దఱి పనియు చట్టసభ సభ్యుల కన్నులముందు పెట్టబడెను. 1872 మార్చి 1న ఆ ప్రదేశము జాతీయోద్యానమైనది. మోరాన్ వ్రాసిన పెద్ద చిత్రమును చట్టసభయే 10,000 డాలర్లకు కొన్నది. కావున ఫోటోను నేను నిందింపను. కాని ఫోటో తీయువాడు ఏటివైపు నిమిషము చూచును. ఆ నిమిషములోను తరచు ఏటికి వీపు త్రిప్పి తన ముఖమునే తీసికొనును. బొమ్మ వ్రాయువాడు మూడుగంటలు కూర్చుండవలయును. ఆ మూడుగంటలలో నీటిరంగు మూడుసారులు మాఱును, పడవవాడు పలుకరించును, పశువులను తోలుకొనివచ్చిన పిల్ల వెనుక నిలిచి నవ్వును. నాకు కావలసినది ఆ మూడుగంటలే. కాగితము చివరకు పాడైనను నష్టము లేదు.

మూడవ పక్షమువారికి మాత్రము తలవంచెదను. అమెరికా చిత్రకారులు చూపిన నిర్జనారణ్యము నిర్జనము కాదని వీరందురు. నిజము. కోల్ నదీవంపును వ్రాయుటకు ఆఱేండ్లు ముందే, 1830లో, ఆదివాసులను మిసిసిపీకి పడమట తోలివేయు చట్టము వచ్చియుండెను. యెల్లోస్టోన్ ఉద్యానమైన పిదప అచ్చటి షోషోనీ తెగవారికి అందులో చోటు లేకపోయినది. బొమ్మలో మనుష్యుని తుడిచివేసిన తరువాత నేలమీద తుడిచివేయుట సులభము. అయితే ఇది బొమ్మలు మానుటకు కారణమా? సరిగా వ్రాయుటకు కారణము.

ఇక పాపికొండలవైపు చూడుడు. కూనవరమునుండి దిగివచ్చు గోదావరి అచ్చట కొండల నడుమ నిఱుకుచు, మలుపుమలుపునకు కనుమఱుగగుచు ప్రవహించును. అది 2008లో జాతీయోద్యానమైనది. దానికి దిగువ, 2014 విభజన చట్టములో జాతీయ ప్రాజెక్టుగా చేరిన పోలవరము జలాశయపు పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించిరి. దేవీపట్నము ప్రాంతపు టూళ్లు వరదలకు మునుగగా, ఇండ్లు విడిచి జనులు పునరావాస కాలనీలకు తరలిపోయిరి. ప్రాజెక్టు కావలయునా వలదా యన్నది ఈ వ్యాసమునకు విషయము కాదు. నీరు కోరు రైతు మాట నిజమే, ఇల్లు పోయిన కొండరెడ్డి మాటయు నిజమే. నా ప్రశ్న చిన్నది. ఆ గట్లమీది గుడిసె, వెదురుదడి, చింతచెట్టు, పడవరేవు, రేవులో బిందె ముంచుచున్న కోయపడుచు – వీనిని మన చిత్రకారులు ఎన్ని కాగితములమీద నిలిపిరి? విహారయాత్రకు పోయినవారి ఫోటోలలో కొండలున్నవి, సూర్యాస్తమయమున్నది. కొండమీది మనిషి లేడు. మోరాన్ తప్పును మనము నూటయేబదియేండ్ల తరువాత, కుంచె కూడ లేకుండ చేయుచున్నాము.

చదువుకొన్న గృహస్థులు చేయగల పని లేకపోలేదు. ఇంటిలో పిల్ల రెండు కొండల బొమ్మ తెచ్చినచో మెచ్చుకొనకుడు. వీధిలోనికి తీసికొనిపోయి కాలువగట్టున కూర్చుండబెట్టుడు. రాజమహేంద్రవరము పోయినప్పుడు స్నానమునకిచ్చు గంటలో పావుభాగము చిత్రశాల కిండు. పాత డ్రాయింగు మేష్టర్ల యిండ్లలో, ట్రంకుపెట్టెల యడుగున, అట్టల నడుమ నలిగిన గోదావరి బొమ్మలున్నచో చెదలు పట్టకముందే బయటికి తీయుడు. మునిగిన యూళ్ల బొమ్మలయినచో మఱింత త్వరగా.

ఉగాదికి మా పిల్ల క్రొత్తబొమ్మ పంపినది. లాకులున్నవి. గుర్రపుడెక్క యున్నది, పూలతో సహా. గట్టుమీద పీచు తిరుగవేయుచున్న మనిషి కొకచేయి పొడవు, ఒకచేయి పొట్టి. కాకులు నాలుగే. మేష్టరుగారు ఆఱు మార్కులు వేసి, సూర్యుడేడి యని యెఱ్ఱసిరాతో వ్రాసిరి.