హుక్మ్ కంటే ముందే ఇన్సాఫ్

"ముస్లిముకి హుక్మ్ తప్ప నీతేముంది?" బయటివాడు ఈ మాట ఎగతాళిగా అంటాడు. లోపలి పెద్దమనిషి గర్వంగా అంటాడు. ఇద్దరిదీ ఒకటే సిద్ధాంతం. దాన్ని వెయ్యేళ్ల కిందటే ఎండగట్టింది ముస్లిం తాత్వికులే. వాళ్లే ముతజిలాలు.

8వ శతాబ్దంలో బస్రాలో పుట్టిన శాఖ ఇది. అందులోనే చదువుకుని ఎదురు తిరిగిన అష్అరీ, దేవుడు చేయమన్నదే మంచి, వద్దన్నదే చెడు అన్నాడు. మంచిచెడ్డలకు వేరే పునాది లేదన్నాడు. 1025లో చనిపోయిన ఖాజీ అబ్దుల్ జబ్బార్ రచనల్లో దీనికి గట్టి జవాబులున్నాయి.

ఒకటి, ఏ గ్రంథమూ అందనివాడికి కూడా జుల్మ్ చెడ్డదని తెలుసు. ఎవరు చెబితే తెలిసింది? అక్ల్ చెబితేనే. రెండు, అబద్ధం దానంతటదే చెడ్డది కాకపోతే దేవుడు అబద్ధమాడడని హామీ ఏది? అబద్ధాలకోరు చేతికి మహిమలిచ్చి ప్రవక్తగా పంపడని ఎలా నమ్ముతాం? హుక్మే సర్వమన్నవాడు ఆ హుక్మ్ నిలబడ్డ నేలనే తవ్వేస్తున్నాడు. మూడు, దేవుడు చేసిందే న్యాయమైతే "దేవుడు న్యాయవంతుడు" అనే పొగడ్తకు అర్థమే మిగలదు.

గజాలీ ఊరుకోలేదు. హంతకుడి నుంచి ప్రవక్తను కాపాడ్డానికి అబద్ధమాడితే అదీ చెడ్డదేనా అని నిలదీశాడు. గట్టి దెబ్బే. అయితే బాధ పెట్టడం విషయంలో బస్రావాళ్లు ముందే తేల్చారు: పనిని పేరు చూసి కాదు, అది జరిగిన తీరు చూసి తూచాలి. వైద్యుడి కత్తీ హంతకుడి కత్తీ ఒకటి కాదు. తగని బాధ, ఏ మేలూ లేని బాధ, అదే జుల్మ్.

వాళ్లూ మచ్చలేనివాళ్లు కారు. ఖురాన్ సృష్టి అన్న వాళ్ల సిద్ధాంతాన్ని 833లో ఖలీఫా మామూన్ విచారణలు పెట్టి రుద్దాడు. అతని తర్వాతి ఖలీఫా కాలంలో ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ కొరడా దెబ్బలు తిన్నాడు. అక్ల్‌కి కొరడా ఎందుకు? వాళ్ల వాదమే వాళ్లని దోషులుగా నిలబెడుతుంది.

ఒక్క ఊపిరిలో మూడు తలాకులు చెప్పి ఆడమనిషిని వీధిన పడేయడాన్ని సుప్రీంకోర్టు 2017లో కొట్టేసింది. అది జుల్మని తెలుసుకోవడానికి మనకి కోర్టు కావాల్సి వచ్చిందా? గొడ్డు పేరు చెప్పి మనిషిని కొట్టి చంపేవాడూ తన ధర్మం ఆజ్ఞ అనే అంటాడు. ఇక్కడ హుక్మ్‌ను తూచడానికి ఒప్పుకోని మనం అక్కడ ఏ నోటితో అడుగుతాం?

అక్ల్ అరువు సరుకు కాదు. మన హనఫీలు గౌరవించే సమర్‌ఖండ్ మాతురీదీ, ముతజిలాలతో ఎన్ని పేచీలు పెట్టుకున్నా, మంచిచెడ్డల్ని బుద్ధి పోల్చుకోగలదని ఒప్పుకున్నాడు. మన ఇంట్లోని ఆ దీపాన్ని ఆర్పేసి, చీకటే మన గుర్తింపు అనడం ఇక చాలించాలి.