లెక్క తప్పింది పిల్లలది కాదు

"గిరిజన పిల్లలకు లెక్కలు రావు."

ఈ మాట మేము ఆశ్రమ పాఠశాలలో విన్నాం. ఇంటర్‌లో విన్నాం. ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజూ విన్నాం. కొందరు కోపంగా అన్నారు, కొందరు జాలిగా అన్నారు. జాలిగా అన్నవాళ్ల వల్లే మాకు ఎక్కువ నష్టం జరిగింది. కోపానికి ఎదురు తిరగొచ్చు. జాలిని మాత్రం నమ్మేస్తాం. మాలో చాలామంది నమ్మారు. నమ్మి పుస్తకాలు మూసి, ఊరికి వచ్చి, ఓసీపీలో కాంట్రాక్టు పనికి పేరు రాయించుకున్నారు.

ఆ మాట అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మేమంటే గోదావరిఖని, రామగుండం, మంథని, మందమర్రి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలం. నాయకపోడు, కోయ, గోండు, లంబాడా ఇండ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. కొందరం పట్టా చేతపట్టుకుని బయటికొచ్చాం. కొందరం బ్యాక్‌లాగుల దగ్గరే ఆగిపోయాం. ఇద్దరి తరఫునా మాట్లాడుతున్నాం. మా మధ్య తెలివిలో తేడా లేదని మాకు తెలుసు, ఒకే బెంచీ మీద కూర్చున్నాం కదా.

ముందు మా ఊళ్ల సంగతి. రాత్రయితే ఎన్టీపీసీ చిమ్నీల దీపాలు కనిపిస్తాయి. అక్కడ వేల మెగావాట్ల కరెంటు తయారవుతుంది. పక్కనే యూరియా ఫ్యాక్టరీ. కింద బొగ్గు బాయిలు, పైన ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం మూడూ మా గడప ముందే పనిచేస్తున్నాయి. అయినా మా పిల్లవాడు ఇంటర్ దాటేదాకా ఒక్క ఇంజినీరుతో కూర్చుని మాట్లాడి ఉండడు. బ్లాస్టింగ్‌కు ఇంటి గోడ పగులుతుందని వాడికి తెలుసు. ఎందుకు పగులుతుందో, ఎంత మందు పెడితే పగలదో చెప్పినవాళ్లు లేరు.

ఇల్లందు దగ్గర బొగ్గుందని విలియం కింగ్ 1871లో గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కు తీసుకుంది. 1920లో సింగరేణి పేరు వచ్చింది. ఇప్పుడు ఆ కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అంటే అది ప్రజల కంపెనీ. ఇన్నేళ్లలో మా తాతలు తట్టలు మోశారు, మా నాయనలు ఫిల్లర్లుగా బొగ్గు ఎత్తారు. సర్దార్, ఓవర్‌మెన్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ అంటూ బాయిలో పైకి ఎక్కే ప్రతి మెట్టుకూ ఒక సర్టిఫికెట్ ఉంది, ప్రతి సర్టిఫికెట్‌కూ ఒక పరీక్ష ఉంది. మా వాళ్లు కింది మెట్టు మీదే రిటైరయ్యారు.

ఇప్పుడు ఆ కింది మెట్టు కూడా పోయింది. 1990ల మొదట్లో సింగరేణిలో 1,16,000 మందికి పైగా పనిచేశారు. ఈరోజు ఉన్నది 40,000 మంది చుట్టూ. తట్టా చెమ్మస్ పని పోయి యంత్రాలు వచ్చాయి. వారసత్వ ఉద్యోగాల దారి మూసుకుపోయి కారుణ్య నియామకాల ఇరుకు సందు మిగిలింది. "చదువు అబ్బకపోతే బాయి పని ఉండనే ఉంది" అని మా అమ్మలు ఇంకా అంటుంటారు. ఆ మాటకు కాలం చెల్లింది. బాయిలోకి పోవాలన్నా ఇక చదువు కావాలి.

మరి చదువుకు పోయినవాళ్లకు ఏమైంది? మేము చదివిన కాలేజీ పేరు ఇక్కడ రాయం, ఎందుకంటే ఇది ఒక్క కాలేజీ కథ కాదు. మొదటి రోజు సారు బోర్డు మీద ఇంటెగ్రేషన్ రాసి, "ఇది మీకు ఇంటర్‌లో అయిపోయింది" అన్నారు. మాకు కాలేదు. ఇంటర్‌లో ఆ పాఠం వచ్చే నాటికి మాకు లెక్కల సారు లేడు. చెయ్యి ఎత్తి ఆ సంగతి చెప్పే ధైర్యమూ మాకు లేదు. తెలుగులో చదివొచ్చినవాళ్లం, ఇంగ్లీషులో ప్రశ్న ఎలా అడగాలో తెలియక నోరు మూసుకున్నాం. క్రెడిట్ అంటే ఏమిటో, ఎన్ని తక్కువైతే డిటెయిన్ చేస్తారో ఎవరూ చెప్పలేదు. పక్క బెంచీ పిల్లవాడికి వాళ్ల అక్క ఫోన్లో అన్నీ చెప్పేది. మాకు ఆ అక్క లేదు. మా నాయనకు ఫోన్ చేస్తే "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగేవాడు. ఆయనకు తెలిసిన ప్రశ్న అది. అందులో ప్రేమ ఉంది, దారి లేదు.

అప్పుడు మేమేం చేశాం? తలుపు వేసుకుని ఒంటరిగా చదివాం. రాత్రి రెండింటి దాకా చదివాం. కష్టపడలేదని మమ్మల్ని ఎవరూ అనలేరు. అయినా ఫెయిలయ్యాం. రిజర్వేషన్ సీటు కదా అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో ఒక లెక్క చెప్పింది. అంతకు ముందు ఐదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాల నుంచి 2,622 మంది, ఐఐటీల నుంచి 408 మంది గిరిజన విద్యార్థులు మధ్యలో వెళ్లిపోయారు. కొందరు ఇష్టపడి వేరే కోర్సులకు మారారని కూడా ప్రభుత్వం అంది. కావచ్చు. మిగిలినవాళ్ల మాటేమిటి? ఐఐటీ ప్రవేశ పరీక్ష గట్టెక్కిన పిల్లలకు లెక్కలు రావంటారా?

ఇక్కడ ఒక దూర దేశపు సంగతి చెప్పాలి. 1970లలో అమెరికాలోని బర్క్‌లీలో యూరీ ట్రీస్‌మన్ అనే లెక్కల మాస్టారుకు ఇదే ప్రశ్న ఎదురైంది. కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఫెయిలవుతున్నారు. ఎందుకని తోటి అధ్యాపకులను అడిగితే పట్టుదల లేదన్నారు, పునాది లేదన్నారు, ఇంట్లో చదువు లేదన్నారు, పేదరికమన్నారు. మనం రోజూ వినే మాటలే. ఆయన ఆ జవాబులతో ఆగకుండా, విద్యార్థులు ఎలా చదువుతున్నారో దగ్గరుండి చూశాడు. నల్లజాతి పిల్లలు బాగా కష్టపడుతున్నారు, కానీ ఎవరికి వారు ఒంటరిగా. బాగా మార్కులు తెచ్చుకుంటున్న చైనా మూలాల పిల్లలు గుంపుగా కూర్చుంటున్నారు. ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటున్నారు. పాత ప్రశ్నపత్రాలు పంచుకుంటున్నారు. సారు ఏం అడుగుతాడో మాట్లాడుకుంటున్నారు.

ట్రీస్‌మన్ నల్లజాతి పిల్లలకు సులువు పాఠాలు పెట్టలేదు. కష్టమైన లెక్కలు ఇచ్చి, గుంపుగా కూర్చుని చేయమన్నాడు. ఫలితాలు మారిపోయాయి. పిల్లలు మారలేదు, కూర్చునే పద్ధతి మారింది.

ఇది చదివినప్పుడు మాకు సిగ్గేసింది. ఈ పద్ధతి మనది కదా! మన ఊళ్లో ఎవరూ ఒక్కరే గుడిసె కప్పుకోరు. ఒకరి చేనులో కలుపుంటే పది ఇండ్లవాళ్లు పోతారు. బాయిలో కూడా అంతే. నాయన ఒక్కడే ఏనాడూ గనిలోకి దిగలేదు. పైకప్పు చప్పుడు ఒకరికి వినపడకపోతే ఇంకొకరికి వినపడుతుందని జట్టుగా దిగేవాళ్లు. జట్టుగా బతికిన ఇంటి నుంచి వచ్చి, హాస్టల్ గదిలో మాత్రం ఒంటరిగా కూర్చున్నాం. ఒంటరిగా చదివినవాడే తెలివైనవాడని ఎవరో చెబితే నమ్మాం.

అందుకే మేము "స్లో లర్నర్స్" సెక్షన్లను ఒప్పుకోం. వెనకబడినవాళ్లందర్నీ ఒక గదిలో వేసి, పాస్ మార్కులకు సరిపడా నాలుగు ప్రశ్నలు బట్టీ పట్టించడం సాయం కాదు. తలుపు మీద ముద్ర వేసి లోపలికి తోయడం అది. మాకు సులువు చదువు వద్దు. అందరూ చదివేదే కావాలి, కలిసి చదివే వీలు కావాలి, మొదటి ఏడాది పక్కన నిలబడే ఒక మనిషి కావాలి.

డబ్బు సంగతి వేరే చెప్పాలి. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక దినసరి కూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. అది ఒకప్పటి గనుల కళాశాలే. 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక సీటు పోగొట్టుకున్నాడు. ఆ దళిత విద్యార్థి సుప్రీంకోర్టు దాకా పోతే, సెప్టెంబరు 30న కోర్టు సీటు ఇప్పించింది. ఆ కోర్టు మెట్లు ఎక్కలేని పిల్లలు ఎందరో! ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. అది వచ్చేలోపు బస్ చార్జీ, మెస్ బిల్లు, ల్యాబ్ రికార్డు, కాలిక్యులేటర్ ఆగవు. బకాయి రాలేదని సర్టిఫికెట్లు ఆపితే ఉద్యోగం చేజారుతుంది. చాలాసార్లు మా పిల్లలను చదువు నుంచి తప్పించేది లక్షలు కాదు, మొదటి నెలలో దొరకని ఐదారు వేలు.

సింగరేణి 2024 జులైలో సివిల్స్ అభయహస్తం మొదలుపెట్టింది. ప్రిలిమ్స్ గట్టెక్కిన పేద అభ్యర్థులకు లక్ష రూపాయలు ఇస్తోంది. మంచిదే, అడ్డు చెప్పం. కానీ ప్రిలిమ్స్ గట్టెక్కినవాడు అప్పటికే సగం ఏరు దాటాడు. ఒడ్డున మునిగిపోతున్న మొదటి సెమిస్టర్ పిల్లవాడికి ఎవరు చెయ్యి ఇస్తారు?

బొర్రా గనుల మీద 1997లో వచ్చిన సమతా తీర్పులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనులు తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పెట్టాలని. ఆ కేసు ప్రైవేటు లీజుల మీద నడిచింది. రామగుండం షెడ్యూల్డ్ ప్రాంతమూ కాదు. చట్టం ప్రకారం ఆ తీర్పు సింగరేణిని కట్టేయదని మాకు తెలుసు. న్యాయం ప్రకారం మాత్రం కట్టేస్తుందనే అంటున్నాం. భూమి కింది సరుకు తీసుకున్నవాళ్లు భూమి మీది పిల్లలకు బాకీ ఉన్నారు.

మా వాళ్లలోనే కొందరు అడుగుతారు: "మన భూమిని తవ్వే చదువు మనకెందుకు?" ఆ ప్రశ్నను మేము గౌరవిస్తాం. జవాబు మాత్రం ఇదీ. కొత్త ఓపెన్‌కాస్టుకు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. టెంటు కింద టేబుల్ మీద ఇంత మందం రిపోర్టు ఉంటుంది. తెలుగులో దొరికేది దాని సారాంశమే. నీటి మట్టం ఎన్ని మీటర్లు పడిపోతుంది, దుమ్ము ఎంత దూరం వస్తుంది, భూమి ఎక్కడ కుంగుతుంది అన్నదంతా లోపలి ఇంగ్లీషులో, పటాల్లో, పట్టికల్లో ఉంటుంది. మనం మైకు పట్టుకుని ఆవేదన చెబుతాం. వాళ్లు అంకెలు చెబుతారు. మినిట్స్‌లో అంకెలే నిలుస్తాయి. ఆ పట్టిక చదివి "ఈ లెక్క తప్పు" అని లేచి చెప్పగల కోయ బిడ్డ, గోండు బిడ్డ ఆ టెంటు కింద ఉండాలి. తవ్వేవాళ్ల కోసం పనిచేస్తుందో, ఎదిరించేవాళ్ల కోసం పనిచేస్తుందో ఆమె నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయం చేతికి రావాలంటే ముందు చదువు పూర్తి కావాలి.

ప్రభుత్వాలకూ ఒక మాట. గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని 2014 విభజన చట్టంలో రాశారు. దానికి చట్టం 2023లో వచ్చింది. ములుగులో తరగతులు మొదలైనప్పుడు తెరిచినవి ఇంగ్లీషు, సామాజిక శాస్త్రాల కోర్సులు. ఆ చదువులు మాకు కావాలి. ల్యాబులు కూడా కావాలి. గిరిజనుల విశ్వవిద్యాలయమంటే గిరిజనుల గురించి చదివేది మాత్రమే కాదు, గిరిజనులు భౌతికశాస్త్రం చదివేది కూడా.

ఇక మేము అడిగేవి.

సింగరేణిని అడుగుతున్నాం: గోదావరిఖనిలో సాయంత్రం పూట ఒక గది ఇవ్వండి. వారానికి రెండు రోజులు ఒక ఇంజినీరును పంపండి. సెలవుల్లో మా పిల్లలను బాయిలోకి, వర్క్‌షాపులోకి, సర్వే ఆఫీసులోకి తీసుకెళ్లి పని చూపించండి. ఇంజినీరింగ్, డిప్లొమా మొదటి ఏడాది పిల్లలకు మొదటి నెల ఖర్చు నిధి పెట్టండి.

కాలేజీలను అడుగుతున్నాం: ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లు ఎవరో చేరిన వారంలోనే తెలుసుకోండి, అందరి ముందు నిలబెట్టి కాదు. క్లాసులు మొదలయ్యే ముందు మూడు వారాలు ఇంటర్ లెక్కలు, ఇంగ్లీషు తిరగేయించండి. క్రెడిట్ల నియమాలు తెలుగులో ఒక్క కాగితం మీద రాసి ఇవ్వండి.

ఉపాధ్యాయులారా, 1943లో మార్లవాయిలో గోండు యువకులకు శిక్షణ ఇచ్చి, గోండి వాచకాలు చేతికిచ్చి టీచర్లను చేశారు. ఎనభై ఏళ్ల కింద అది సాధ్యమైంది. మీ తరగతిలో ఒక పిల్ల "ఎందుకు సార్?" అని అడిగితే, దయచేసి "పరీక్షలో రాదు, వదిలెయ్" అనకండి. మాకు ఆ మాట అన్న రోజు ఇంకా గుర్తుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మిమ్మల్నీ అడుగుతున్నాం. కాలేజీలో చేరిన మొదటి వారమే ఐదుగురు ఒక జట్టు కట్టండి. తెగ చూడకండి, ఊరు చూడకండి. రోజూ ఒక గంట కూర్చోండి. వచ్చిన లెక్క రానివాడికి చెప్పండి, చెబుతుంటేనే మీకు అది నిజంగా వస్తుంది. ఒక సబ్జెక్టు పోతే ఆ రాత్రే జట్టుకు చెప్పండి, దాచుకోకండి. మేము దాచుకుని పోగొట్టుకున్నాం.

చదువు పూర్తయి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో స్థిరపడిన మావాళ్లారా, మీరు చందాలు పంపకపోయినా ఫర్వాలేదు. మన ఊరి నుంచి ఈ ఏడాది కాలేజీకి పోయిన పిల్ల నంబరు తీసుకోండి. వారానికోసారి ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని అడగండి. ఆ తర్వాత, మ్యాథ్స్ ఏ యూనిట్ నడుస్తోంది అని కూడా అడగండి.