అడగడం కూడా అర్హతే

ఇంటర్వ్యూ ముగిసే ముందు "మీరేమైనా అడుగుతారా?" అంటారు. మనలో చాలామందిమి "ఏమీ లేదు సార్" అని లేచి వచ్చేస్తాం. పప్పు నీళ్లగా ఉన్నా, దుప్పట్లు ఆలస్యంగా వచ్చినా అడగకుండా సర్దుకోవడం అలవాటైన వాళ్లం. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయం.

అయినా అడగాలి. ముందు పని గురించి: తొలి ఆరు నెలల్లో మేం ఏం చేయాలి? పని నేర్పేదెవరు? మా పనిని దేన్నిబట్టి అంచనా వేస్తారు? ఇలా అడిగితే మనం పని మీద శ్రద్ధతోనే వచ్చామని వారికి తెలుస్తుంది.

ఎంపికయ్యాక, సంతకానికి ముందు మిగతావి: బాండ్ ఉందా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచేసుకుంటారా? మనలో చాలామందికి ఉన్న ఆస్తి అవే. ఏడాది ప్యాకేజీలో సాధారణంగా కంపెనీ కట్టే పి.ఎఫ్. వాటాను కూడా కలిపి చెబుతారు. కనుక నెలకు చేతికెంత వస్తుందో అడగాలి. గది అద్దె పోను ఇంటికెంత పంపగలమో అప్పుడే తేలుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆదివారం స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరుగా కూర్చుని అడగడం సాధన చేద్దాం. ఉద్యోగం మనకు అవసరమే. ఆ అవసరానికి జడిసి ఈరోజు నోరు మూసుకుంటే, చేరాక తెరవడం ఇంకా కష్టం.