రంగు పూసే ముందు పేరు చదువుదాం

పోయిన సంచికలో నేను రాసిన పొడుపు కథలు బాగున్నాయని చాలామంది అన్నారు. ఈసారి పొడుపు కథలు కాదు. ఒక సంగతి మీద నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పులుంటే క్షమించగలరు.

మన వంటశాల వెనుక కుంకుడు చెట్టు కింద పాత ఆయిల్ ఇంజను ఉంది కదా. దాని పక్కన కూర్చొని జడలు వేసుకుంటాం, దాని చక్రాల మీద తువ్వాళ్లు ఆరేస్తాం. పోయిన ఆగస్టు 15కి దానికి నిండా సిల్వర్ రంగు కొట్టారు. ఇప్పుడు జనవరి 26కి చక్రాలకు మూడు రంగులు వేసి, ఆఫీసు ముందుకు జరిపి, "బ్రిటిష్ కాలం నాటి ఇంజను" అని బోర్డు రాయిస్తారట. పాత ఇనప సామాన్లోళ్లకు అమ్మేయకుండా ముందుకు తెస్తున్నారు, దానికి నాకు సంతోషమే. కానీ ఆ బోర్డూ నచ్చలేదు, ఆ రంగులూ నచ్చలేదు.

ముందు బోర్డు. బ్రిటిష్ కాలం నాటిదని ఎట్లా తెలిసింది? పెద్ద పెద్ద చక్రాలు రెండున్నాయి, బరువుగా ఉంది, తుప్పు పట్టింది, అంతే కదా! ఇంజను పక్కన చిన్న రేకు బిగించి ఉంది. సిల్వర్ రంగు దాని మీద కూడా కొట్టారు కాబట్టి ఏమీ కనపడదు. నేనూ నా స్నేహితురాలూ ఆ రేకు మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్ అడ్డంగా పట్టి రుద్దాం. రూపాయి బిళ్ల మీద రుద్దితే బొమ్మ పడుతుంది చూడండి, అట్లా. మొదట 6 పడింది. తర్వాత 650. కింద ఇంగ్లీషు అక్షరాలు వంకర టింకరగా పడ్డాయి. ఒక్కొక్కటి కూడబలుక్కుంటే రాజ్‌కోట్ అని వచ్చింది! ఇంజను నంబరు మాత్రం పడలేదు. అది లోపలికి చెక్కిన అంకెలు, గుంటల్లో రంగు నిండిపోయింది.

కాగితం తీసుకెళ్లి సైన్సు సార్‌కు చూపించాం. 6 అంటే ఆరు హార్స్ పవర్, 650 అంటే నిమిషానికి తిరిగే చుట్లు అని సార్ చెప్పారు. ఇంగ్లండులో డర్స్‌లీ అనే ఊళ్లో లిస్టర్ కంపెనీ వాళ్లు 1930 ప్రాంతంలో ఇట్లాంటి డీజిల్ ఇంజన్లు మొదలుపెట్టారట. చలిలో కూడా ముందుగా వేడి చేయకుండానే అందుకుంటుందని దానికి సి.ఎస్. అని పేరు పెట్టారట. మొదట అది 5 హార్స్ పవర్, 600 చుట్లు. తర్వాత 6, 650 అయింది. ఆ నమూనా చూసి గుజరాత్‌లో రాజ్‌కోట్ వాళ్లు పోత పోసి చాలా ఏళ్లు తయారుచేశారు. అంటే మనది ఓడ ఎక్కి వచ్చిన ఇంజను కాదు.

రేకు చదవకుండానే ఈ ఇంజనును గుర్తుపట్టిన మనిషి ఇంకొకరున్నారు. మా తాత. తాతకు చదువు రాదు. దసరా సెలవులకు నన్ను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు నా పెట్టె మోయడానికి వెనక వైపు వచ్చాడు. ఇంజను చూసి ఆగిపోయాడు. వంగి దాని కాలు తడిమాడు. ఆ కాలు ఒకచోట పగిలితే ఇనుప పట్టీ వేసి రెండు బోల్టులు బిగించి ఉన్నాయి. "ఇది మన వాగుకాడిదే బిడ్డా. ఈ పట్టీ నేను దగ్గరుండి ఏయించిన" అన్నాడు. (మా మాటలో అన్నాడు, నేను తెలుగులో రాస్తున్నాను.)

తాతకు పెళ్లయిన ఏడాది ఆ ఇంజను చెక్క పెట్టెలో కొత్తగా వచ్చిందట. వాగు నీళ్లు తోడి మా ఊరి పొలాలకు పారించేవాళ్లు. హ్యాండిల్ తిప్పే పని తాతది. ఒకసారి హ్యాండిల్ ఎదురు తన్నింది. తాత కుడి మణికట్టు వంకరగా ఉండేది అందుకేనని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటిదాకా పుట్టుకతోనే అట్లా ఉందనుకున్నాను. కరెంటు మోటారు వచ్చాక ఇంజనును జీపుకు కట్టి తీసుకుపోయారట. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. మా తాత బ్రిటిష్ వాళ్లను చూడనే లేదు. బోర్డు చదివినవాళ్లు మాత్రం ఎవరో దొర పెట్టించాడనుకుంటారు.

ఇక రంగు. డీజిల్ ట్యాంకును పట్టుకున్న పట్టీ కింద ఎండా చెయ్యీ తగలని చోట చూశాం. అక్కడ ముదురు ఆకుపచ్చ ఉంది. లిస్టర్ వాళ్లదీ ఆకుపచ్చే, వాళ్లను చూసి చేసినవాళ్లలో చాలామందీ అదే వేశారని సార్ అన్నారు. కాబట్టి ఆకుపచ్చ వేయాలి. జెండా కర్ర మీద ఎట్లాగూ ఉంటుంది, చక్రాల మీద మళ్లీ ఎందుకు?

పోయినసారి జిడ్డు మీదే, తుప్పు మీదే రంగు కొట్టారు, అందుకే నాలుగు నెలలకే పెచ్చులు లేచాయి. ముందు కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడవాలి. తుప్పును ఉప్పుకాగితంతో రుద్దాలి, అది కూడా తడిపి రుద్దాలి. పాత రంగుల్లో సీసం ఉంటుందట, పొడిగా గీకితే దుమ్ము ముక్కులోకి పోతుంది. ఆరో తరగతి చెల్లెళ్లను ఈ పనికి పిలవొద్దు. ఆరిన తర్వాత రెడ్ ఆక్సైడ్ ఒక పూత, దాని మీద ఆకుపచ్చ. నూనె పోసే రంధ్రాలు మూసుకుపోకూడదు. బెల్టు తిరిగే అంచుకు రంగు వద్దు, గ్రీజు చాలు. రేకు మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు. దాని మీద ఇప్పుడున్న సిల్వర్‌ను కూడా మెల్లగా తీయాలి, అప్పుడు నంబరు బయటపడుతుంది. తాత వేయించిన పట్టీని నున్నగా చేయొద్దు, తీయొద్దు.

ఇదంతా రంగు డబ్బా మూత తీసి ఒక్క పూటలో కొట్టేసే పని కాదు, రెండు మూడు ఆదివారాలు పడుతుంది. తొమ్మిదో తరగతి నుంచి ఆరుగురం పేర్లు ఇచ్చాం.

బోర్డు మీద "రాజ్‌కోట్‌లో తయారైన 6 హార్స్ పవర్ ఆయిల్ ఇంజను" అని రాసి, కింద మా ఊరి పేరు, వాగు పేరు రాయాలని హెడ్మాస్టరు గారిని కోరుతున్నాను. వార్డెన్ మేడం గారికి ఇంకొక్క మనవి. చూడవచ్చిన పెద్దవాళ్లను గేటు దగ్గరే ఆపుతారు, అది మన రూలు. వచ్చే ఆదివారం మా తాత వస్తున్నాడు. ఆ ఒక్క రోజు కుంకుడు చెట్టు దాకా రానివ్వండి. ఏ బోల్టు ఎటు తిప్పాలో మాకు తెలియదు, తాతకు తెలుసు.