బీరువాలో బొమ్మ, ఒడ్డున ప్రాణం

నర్సింగ్ విద్యార్థులకు ప్రథమ చికిత్స తెలియదని నేను అనడం లేదు. తెలుసు, అడిగితే నిర్వచనంతో సహా అప్పజెబుతారు. నా ఆక్షేపణ ఆ అప్పజెప్పడం మీదనే. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో మొదటి సెమిస్టరులోనే ప్రథమ చికిత్సకు 40 గంటలు కేటాయించింది. కాగితం మీద లోటు లేదు. నేను చూచిన కొన్ని కళాశాలల్లో మాత్రం సీపీఆర్ నేర్పవలసిన బొమ్మ ప్లాస్టిక్ కవరు విప్పకుండా బీరువాలో భద్రంగా ఉంది. తనిఖీ నాడు అది బయటికి వస్తుంది. ఒకరు నొక్కుతారు, యాభైమంది చూస్తారు, అందరి రికార్డుల్లోనూ సంతకం పడుతుంది.

ఇది ఎక్కడైనా తప్పే. కృష్ణా డెల్టాలో మరీ పెద్ద తప్పు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు విజయవాడ నగరం మధ్య నుంచే పారుతున్నాయి. దిగువన పంట కాలువో, చేపల చెరువో లేని గ్రామం అరుదు. 2017 నవంబరు 12న, కార్తిక మాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. అటువంటి వేళ ఒడ్డున వైద్యుడు ఉండడు. 108 వాహనం 2005 నుంచి మనకు ఉన్నది, గొప్ప సేవే. కాని ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినసాగుతుంది.

ఆ నిమిషాల్లో మనవాళ్లు చేసేదేమిటి? మునిగినవాడిని భుజాన బోర్లా వేసుకొని తిప్పుతారు, పొట్ట నొక్కుతారు, నీరు వస్తే సంతోషిస్తారు. ఆ నీరు చాలావరకు కడుపులోనిది. పైకి వచ్చి శ్వాసనాళంలోకి దిగితే ఉన్న ఆశ కూడా పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనుకకు వంచి, గడ్డం ఎత్తి, శ్వాస లేకపోతే ముక్కు మూసి నోటి ద్వారా ఊపిరి ఊదాలి. వెంటనే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే 5–6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిరులు. గుండె ఆగి కూలినవారికి నొక్కడమొక్కటే చాలునని సామాన్యులకు నేర్పుతున్నారు, మంచిదే. మునిగినవారికి అది చాలదు. అక్కడ మొదట కరువైనది ఊపిరి. ఈ తేడా నర్సింగ్ విద్యార్థికే తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? ఐదు సెంటీమీటర్లంటే ఎంతో పుస్తకం చూపలేదు. మోచేతులు వంచకుండా రెండు నిమిషాలు నొక్కి, చెమట పట్టి, చేతులు లాగినప్పుడు తెలుస్తుంది.

బొమ్మలు ఖరీదని యాజమాన్యాలంటాయి. ముఖద్వారానికి గ్రానైటు పరిపించినవారి నోట ఈ మాట వినసొంపుగా లేదు. డాక్టరు ఆదేశం లేకుండా నర్సు ఏమీ చేయరాదనే పెద్దలూ ఉన్నారు. ఆగిన గుండె ఆదేశం కోసం ఆగదు.

నేను కోరేది చిన్నది. ప్రతి విద్యార్థీ ఒంటరిగా, పరీక్షకుడు గడియారం పట్టుకొని చూస్తుండగా, బొమ్మపై రెండు నిమిషాలు చేసి చూపాలి. చేయలేనివారిని నేర్చుకొనేదాకా వార్డుకు పంపరాదు. నైపుణ్యం నెలల్లోనే మొద్దుబారుతుంది గనుక ఏటా మళ్లీ పరీక్షించాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయో అబ్బాయో సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక దిండు నేలపై పెట్టి, ఎక్కడ చేయి వేయాలో, ఎంత వేగంతో నొక్కాలో చూపమనండి. తడబడితే కళాశాల ప్రిన్సిపాలుకు ఉత్తరం రాయండి.