మాటలు ముందు, గోడలు తరువాత

"మావాడు పదో తరగతి దాకా ఉర్దూ మీడియమే. వాడికి ఇంజినీరింగ్ అబ్బుతుందా, భాయ్ సాబ్?" బీసీ-ఈ ధ్రువపత్రం దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చిన ఒంగోలు మెకానిక్ ఒకాయన ఇటీవల నన్నడిగారు. ఆయనకు హైదరాబాదులోని ఒక భవనం సంగతి చెప్పాను.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల 1929లో ప్రారంభమైంది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన ఒంగోలు విద్యార్థికి ఆనాడు గిండీ కళాశాల, అక్కడి ఇంగ్లీషు పాఠాలే దిక్కు. ఉస్మానియాలో మాత్రం బోధన ఉర్దూలో సాగింది. అది గాలిలో కట్టిన మేడ కాదు. విశ్వవిద్యాలయం కంటే ముందే, 1917లో, పాఠ్యగ్రంథాల అనువాదానికి దారుల్ తర్జుమా వెలసింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి సారథి. శాస్త్ర పదాలను ఎలా నిర్మించాలన్న విషయం మీదనే వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథం వెలువరించారు. అక్కడ మాటలు ముందు పేర్చారు, ఇటుకలు తరువాత.

కళాశాల నేటి శాశ్వత భవనంలోకి మారింది 1947లో. మరుసటి సంవత్సరమే సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఆపై బోధన ఇంగ్లీషుకు మళ్లింది. ఉర్దూకు గూడు కుదిరే వేళకు గొంతు పోయింది.

దీన్ని నవాబు ఘనతగా మాత్రమే చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ గోడల్లో తెలుగు రైతు కట్టిన శిస్తు కూడా ఉంది. ఆనాటి తెలుగు పిల్లవానికి ఉర్దూ ఎంత బరువో, ఈనాటి మన పిల్లవానికి ఇంగ్లీషు అంత బరువు. 2021లో ఏఐసీటీఈ తెలుగు మొదలైన భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు అనుమతిస్తే అదేదో కొత్త వింతగా చెప్పుకున్నారు. వింత ఏముంది?

నాలుగు శాతం రిజర్వేషన్ కోసం మనం చేసే పోరాటం సబబే. సీటు దొరికాక మొదటి ఏడాదిలో పాఠం అర్థం కాక వెనుదిరిగే పిల్లల మాటేమిటి? వారికి తెలిసిన భాషలో సాంకేతిక పదాలు వివరించే ప్రవేశ తరగతులు కావాలని మన సంఘాలు ఎందుకు అడగవు? 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించింది. ఆ గుర్తింపు బోర్డుల దగ్గర ఆగితే చాలదు. ఉర్దూ ఉన్నత పాఠశాలలో సైన్సు ప్రయోగశాల ఉందా, అందులో పరికరాలు పిల్లల చేతికి అందుతున్నాయా అని తల్లిదండ్రులే వెళ్లి చూడాలి.

మెకానిక్ గారు అంతా విని, "వాడు ఇంజన్ విప్పి బిగించగలడు, దాని పేర్లే ఇంగ్లీషులో రాయలేడు" అన్నారు. కుర్రవాడిని వెంటబెట్టుకుని శుక్రవారం నమాజు తరువాత రమ్మన్నాను.