కొన్న ఫోన్‌పై ఎవరి పెత్తనం?

2025 నవంబరు 28న కేంద్ర టెలికాం శాఖ ఫోన్ల కంపెనీలకు ఒక ఆదేశం పంపింది. దేశంలో అమ్మే ప్రతి కొత్త ఫోన్‌లోనూ 90 రోజుల్లోగా సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఉండాలి. దాని పనికి ఎక్కడా అడ్డు తగలకూడదు. అప్పటికే తయారై అమ్మకానికి వెళ్లిన ఫోన్లలోకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా దాన్ని పంపాలి. విమర్శలు వెల్లువెత్తడంతో డిసెంబరు 3న ఆ నిబంధనను ఉపసంహరించుకుంది. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించడానికి, మన పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవడానికి ఆ యాప్ పనికొచ్చే మాట నిజమే. అయినా ఉంచుకోవాలో తీసేయాలో తేల్చుకోవాల్సింది డబ్బు పెట్టి ఫోన్ కొన్న మనిషే.

ప్రభుత్వం ఐదు రోజుల్లో దిగివచ్చింది. ఫోన్ల కంపెనీలు మాత్రం అక్కర్లేని యాప్‌లను ముందే వేసే పని ఏళ్ల తరబడి చేస్తున్నా అడిగే నాథుడు లేడు. తక్కువ ధర ఫోన్లపై మిగిలేది స్వల్పం. ఆ లోటును యాప్‌ల సంస్థలిచ్చే సొమ్ముతో పూడ్చుకుంటారు. కాబట్టే చౌక ఫోన్ కొన్న కూలీకి, విద్యార్థికి అక్కర్లేని యాప్‌ల బెడద ఎక్కువ. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ భాగంలో వేసిన యాప్‌కు అన్‌ఇన్‌స్టాల్ మీట ఉండదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిజేబుల్ చేస్తే పనిచేయడం మానుతుందే తప్ప, అది ఆక్రమించిన చోటు పూర్తిగా మనకు తిరిగి రాదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మళ్లీ ప్రత్యక్షం. కొన్నింటికి డిజేబుల్ చేసే వీలు కూడా ఉండదు.

మన దగ్గర దీనికి మందు ఒకసారి చేతిదాకా వచ్చింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేస్తూ, ముందే వేసిన తన యాప్‌లను వినియోగదారులు తీసేయకుండా ఆ సంస్థ అడ్డుకోరాదని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను సమర్థించింది గానీ, కొట్టేసిన నాలుగు ఆదేశాల్లో ఇదీ పోయింది. ఐరోపాలో మాత్రం 2024 మార్చి నుంచి బడా టెక్ సంస్థలు, ఫోన్ నడవడానికి తప్పనిసరైనవి మినహా తమ యాప్‌లను తీసేసుకోనివ్వాల్సిందే.

అప్‌డేట్ల విషయంలో నష్టం ఇంకా లోతైనది. అప్‌డేట్ వేశాక ఫోన్ నెమ్మదించిందనో, కొత్త యాప్ చొరబడిందనో విసిగి చాలామంది వాటిని ఆపేస్తున్నారు. పాత ఫోన్లను నెమ్మదింపజేసిన అప్‌డేట్లకుగాను ఇటలీ 2018లో యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. కాబట్టి జనం అనుమానం ఉత్తిది కాదు. కానీ బ్యాంకు ఓటీపీలు, యూపీఐ చెల్లింపులు నడిచే ఫోన్‌కు భద్రతా లోపాలు పూడ్చే అప్‌డేట్ అందకపోతే, నష్టపోయేది వినియోగదారే. భద్రతకు చేసే మరమ్మతును హంగుల నుంచి, ప్రకటనల నుంచి విడదీసి పంపేలా నిబంధన ఉండాలి.

తూనికలు కొలతల నిబంధనల కింద ప్యాకెట్‌పై ఎంఆర్‌పీ అచ్చువేయించిన ప్రభుత్వమే, కొనేవారికి వాస్తవంగా మిగిలే స్టోరేజీ ఎంత, తీసేయలేని యాప్‌లు ఏవి, భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ వరకు వస్తాయి అన్న మూడు వివరాలనూ ఫోన్ పెట్టెపై అచ్చువేయించాలి.